కారు విడిపించుకున్న తొమ్మిది రోజులు

నా కారును పోలీసులు బొల్లారంలో పట్టుకున్నారు. గురువారం, పొద్దున పదకొండు గంటలకు, మంచి ఎండలో. స్త్రీల ప్రార్థన కూటం ముగించుకుని యాప్రాల్‌లోని ఇంటికి వస్తున్నాను. సీటు బెల్టు పెట్టుకున్నాను, లైసెన్సు పర్సులో ఉంది. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు క్రమశిక్షణ నేర్పినదాన్ని, నన్నేం అంటారులే అనే ధీమా కూడా ఉంది. కానిస్టేబుల్ చేతిలోని మెషీన్‌లో నంబరు కొట్టి, కాసేపు దానివైపే చూశాడు.

"పందొమ్మిది చలాన్లు పెండింగున్నయ్ మేడం. బండి జెర పక్కకు పెట్టుండ్రి."

"పందొమ్మిదా? సరిగ్గా చూడు బాబూ."

"సరిగ్గనే చూసిన. గిన్ని పెట్టుకొని ఎట్ల తిరుగుతున్రు?"

ఎలా తిరుగుతున్నానంటే, ఈ ఊళ్ళో అందరూ తిరుగుతున్నట్టే. ఇక్కడ చలాన్ వచ్చిన రోజే కట్టేవాణ్ణి వింతగా చూస్తారు. ఎప్పుడో ఒకప్పుడు ప్రభుత్వం తగ్గింపు ప్రకటిస్తుంది, అప్పుడు సగమో పావో కట్టేసి చేతులు దులుపుకోవచ్చని అందరి లెక్క. మా వారు ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఆఫీసులో ఫైళ్ళన్నీ పైసాతో సహా సరిచూసేవారు, చలాన్ మెసేజ్ వస్తే మాత్రం తెరిచేవారు కాదు. "డిస్కౌంట్ రానీ, అన్నీ ఒకేసారి కడదాం" అనేవారు. తీరా డిస్కౌంట్ వచ్చాక గడువు దాటిపోయేదాకా మరిచిపోయేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ మెసేజ్‌లు వచ్చే సిమ్ కూడా రీచార్జి లేక ఆగిపోయింది. నేనూ ఆయన దారే పట్టాను. చూడలేదు, కట్టలేదు.

క్రేన్ వచ్చి ముందు చక్రాలు పైకెత్తి కారును లాక్కుపోయింది. నేను బైబిలూ టిఫిన్ డబ్బా పట్టుకుని ఆటో కోసం నిలబడ్డాను.

మా అమ్మాయికి ఈ సంగతి చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. మాకు ఒక్కతే కూతురు, పెళ్ళయి మెట్టుగూడలో ఉంటుంది. తనకు ఆ కారంటే గిట్టదు. వాళ్ళ నాన్నకు గుండెనొప్పి వచ్చిన రోజు ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను గుంటూరులో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఆయన దక్కలేదు. ఆ తర్వాత తను ఆ కారు ఎక్కలేదు. ఎక్కకపోతే పోనీ, "అమ్మెయ్ మమ్మీ, అమ్మెయ్" అని రెండేళ్ళుగా నా ప్రాణం తోడేస్తోంది. నేనేమో అమ్మనంటాను. ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, డ్రైవింగ్ స్కూలువాడితో నానా మాటలూ పడి నేర్చుకున్నాను. ఆ కారు లేకపోతే చర్చికి వెళ్ళాలన్నా, బ్యాంకుకు వెళ్ళాలన్నా ఎవరో ఒకరిని బతిమాలాలి.

ఫోన్లో అంతా విని, "మంచిదే అయింది, అక్కడే ఉండనీ" అంది. కోపం వచ్చి పెట్టేశాను.

మర్నాడు స్టేషన్‌కు వెళ్ళాను. స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పట్టుకున్న బండ్లన్నీ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. స్కూటర్లయితే ఒకదాని మీద ఒకటి. నా కారు గోడ వారగా, అద్దం మీద సుద్దతో నంబరు రాయించుకుని నిలబడి ఉంది. లోపల కంప్యూటర్ ముందున్న కానిస్టేబుల్ మా అమ్మాయి వయసువాడే, మర్యాదస్తుడు, కానీ పొద్దుటినుంచి అందరికీ అదే చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాడు.

"ఓనర్ రావాలె మేడం."

"చనిపోయారు బాబూ. మా వారు."

అతను ఒక్క క్షణం తల దించుకున్నాడు. "మరి బండి మీ పేరు మీదికి మార్పించుకోలేదా?"

మార్పించుకోలేదు. ఆ ఆర్‌సీ కాగితం మీద ఆయన పేరు తీసేయడానికి నాకు చేతులు రాలేదు. ఆ మాట పోలీసు స్టేషన్లో ఏం చెప్తాను? "కుదరలేదు" అన్నాను. అతను తెల్లకాగితం మీద రాసిచ్చాడు: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, నోటరీ చేయించిన అఫిడవిట్, చలాన్లన్నీ కట్టిన రసీదు, క్రేన్ ఖర్చు. ఆఖరున ఒక గీత గీసి, "మీ బిడ్డ సుత వారసురాలే గదా. బండి మీకిస్తే అభ్యంతరం లేదని గీడికొచ్చి, సారు ముంగట సంతకం పెట్టాలె" అన్నాడు.

అంటే నా కారు నా చేతికి రావాలంటే, దాన్ని వదిలించుకోమని పోరుతున్న మనిషే వచ్చి సంతకం పెట్టాలి.

ఆ వారమంతా తిరుగుడే. పెన్షన్ కోసం అప్పట్లో తీసుకున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ బీరువాలో దొరకబట్టి బతికాను, లేకపోతే ఇంకో నెల పట్టేది. నోటరీ ఆయన భోజనానికి వెళ్తే రెండు గంటలు జిరాక్స్ షాపు అరుగు మీద కూర్చున్నాను. ఇన్సూరెన్స్ గడువు దాటి పదకొండు రోజులైందని అప్పుడే తెలిసింది. అదీ కట్టాను. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాడు బండి తెమ్మన్నాడు. బండి కావాలంటే పొల్యూషన్ తెమ్మన్నారయ్యా అంటే, "నేనేం జేస్త అమ్మా, బండి పొగ పైపుల గొట్టం పెట్టాలె గదా" అన్నాడు. వాడి మాటా నిజమే. మళ్ళీ స్టేషన్‌కు వెళ్తే, అది విడిపించుకున్నాక చూపించమన్నారు. ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదా! మోకాళ్ళ నొప్పులతో ఇంటికొచ్చి, అన్నం కూడా వండుకోకుండా పెరుగూ అటుకులూ తిని పడుకునేదాన్ని. పోనీ అమ్మేస్తే పోలా అని నాకే అనిపించిన రోజు కూడా ఉంది.

తొమ్మిదో రోజున మా అమ్మాయి ఆఫీసుకు సెలవు పెట్టి స్టేషన్‌కు వచ్చింది. వస్తూనే, "సంతకం పెడతాను. కానీ బయటికి తీసిన వెంటనే అమ్మేస్తానని మాటివ్వు" అంది.

"ఇవ్వను."

"అయితే నేనూ పెట్టను."

తల్లీకూతుళ్ళం చెరో కుర్చీలో ముఖాలు తిప్పుకుని కూర్చున్నాం. కానిస్టేబుల్ ఇలాంటివి చాలా చూసినట్టున్నాడు. ముందు చలాన్లు కట్టేయండి అన్నాడు. చూడకుండా దేనికీ టిక్కు పెట్టే అలవాటు నాకు లేదు. ఒక్కొక్కటీ చూపించమన్నాను. నిట్టూర్చి, స్క్రీన్ మావైపు తిప్పాడు.

మొదటివన్నీ మా వారివే. చేపల మార్కెట్ ముందు రాంగ్ పార్కింగ్, అదే చోట మూడుసార్లు. కొరమీను కోసం ఆయన ఎంతకైనా తెగించేవారు. నవ్వొచ్చింది. మా అమ్మాయి కూడా కొంచెం మెత్తబడింది. ఆ తర్వాతి చలాన్ తేదీ చూసి ఇద్దరం ఆగిపోయాం. ఆయన పోయిన రోజు. తిరుమలగిరి చౌరస్తా, పది గంటల యాభై రెండు నిమిషాలు, సిగ్నల్ జంపింగ్. ఫొటోలో మా కారు వెనకభాగం, గీత దాటి చౌరస్తా మధ్యలో ఉంది. పైన ఎర్ర లైటు, పక్కన సెకన్లు లెక్కపెట్టే అంకెల బోర్డు మీద నూట పన్నెండు.

"ఇది తప్పు. నేను ఆగాను" అంది మా అమ్మాయి.

తను నా వైపు చూడకుండానే చెప్పుకుపోయింది. "సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి నూట ఇరవై చూపిస్తోంది మమ్మీ. డాడీ పక్కసీట్లో ఛాతీ పట్టుకుని ఉన్నారు. నేను బ్రేక్ వేశాను. రూల్ కదా అని ఆగాను. ఆ అంకెలు పడిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. డాక్టరేమో కొంచెం ముందొచ్చుంటే అన్నాడు. ఆ రెండు నిమిషాలే మమ్మీ. నేను ఆగకపోతే డాడీ ఉండేవారు."

రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాతో ఈ మాట అనలేదు. నేను అడగనూ లేదు. కారంటే భయం పట్టుకుంది, మొండికేస్తోంది అనుకున్నాను తప్ప, తను ఆ కార్లో ఆ ఎర్ర లైటు ముందే ఇంకా కూర్చుని ఉందని నాకు తట్టలేదు. కన్నతల్లిని, పక్కూరామె కన్నా అన్యాయంగా ఉన్నాను.

"నూట ఇరవైలోంచి నూట పన్నెండు తీసెయ్" అన్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన గొంతు, అలవాటుగా అలాగే వచ్చింది.

కానిస్టేబుల్ తర్వాతి చలాన్ తెరిచాడు. అదే రోజు, ఇంకో నాలుగు నిమిషాలకు, ఓవర్ స్పీడ్. "గీడ మల్ల స్పీడున్నది. సిగ్నల్ తెంపుకొని పోయినంక యాడ సుత ఆగలే మేడం మీరు" అన్నాడు.

మా అమ్మాయి సిగ్నల్ ఫొటో మళ్ళీ తెరిపించి, ముందుకు వంగి, వేలితో స్క్రీన్ మీద ఆ నూట పన్నెండును తాకింది. ఆ తర్వాత ముఖం చున్నీలో దాచుకుని ఏడ్చింది. వెనక బెంచీ మీది వాళ్ళంతా చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. తన వీపు నిమురుతూ నిలబడ్డాను. ఈ ఫొటో రెండేళ్ళుగా ఇక్కడే ఉంది, ఎవరు అడిగినా చూపించేది. కొన్ని వందలు మిగులుతాయని నేను తెరవలేదు. ఆ వందల కోసం నా బిడ్డను ఎన్ని రాత్రులు నిద్రకు దూరం చేశానో లెక్కలేదు.

కాసేపటికి లేచి ముఖం కడుక్కొచ్చింది. సారు ముందు, అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకం పెట్టింది. అమ్మెయ్ అన్న మాట ఎత్తలేదు. నేను చలాన్లన్నీ కట్టాను, రసీదులు చేతికొచ్చాయి. అప్పుడు తను కానిస్టేబుల్‌ను ఆ తిరుమలగిరి చలాన్ ఫొటోతో సహా ఒక కాగితం తీసిమ్మని అడిగింది.

"కట్టేసిన్రు గదా మేడం, ఇగ గదెందుకు?"

"ఎనిమిది సెకన్లే ఆగానని ఉంది కదన్నా అందులో" అంది.