తప్పునాదమ్మ సాక్ష్యం

తప్పు ఎవరిదైనా సరే, తనదేనని ఒప్పేసుకోవడం ఆవిడ అలవాటు. ఎవరైనా వానలో తడిసి వస్తే "తప్పు నాదే, ఏమనుకోకండి" అనేది. బస్సులో ఎవరో ఆవిడ కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు క్షమించమని వాళ్లనే బతిమాలుకునేది. ఒకసారి కుర్చీకి మోకాలు కొట్టుకుని ఆ కుర్చీకీ అదే మాట చెప్పింది. ఆవిడ ఖైదీల విడుదల అర్జీలు వినే పెరోల్ బోర్డు ఆఫీసులో గుమస్తా. అక్కడ అసలు పేరు ఎప్పుడో ఎగిరిపోయి తప్పునాదమ్మ ఖాయమైంది. ఆ పేరు పెట్టినవాడు ఒకరోజు దొరికిపోయి నీళ్లు నములుతుంటే, అతన్ని ఇబ్బంది పెట్టినందుకు ఆవిడే నొచ్చుకుంది.

జైల్లో ఒక దర్జీ ఉండేవాడు. ముందస్తు విడుదల అడగడానికి చట్టం చెప్పినంత శిక్ష పూర్తయింది కాబట్టి, అతని అర్జీని బోర్డు వినాలి. ఒకసారి సభ్యుడికి బదిలీ, మరోసారి అధ్యక్షుడికి సెలవు, ఇంకోసారి ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వాయిదాలతోనే ఏడాది దాటింది. విసిగిపోయిన దర్జీ, అర్జీ వెంటనే వినాలనీ, జరిగిన ఆలస్యానికి నష్టపరిహారం ఇప్పించాలనీ కోర్టుకెక్కాడు. తారీఖులు చూసేది తప్పునాదమ్మే గనుక సాక్ష్యానికి ఆవిడను పిలిచారు.

ఆఫీసు వకీలు గుండెల్లో రాయి పడింది. ఏమడిగినా సరే, ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రానివ్వద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో భర్త జడ్జీగా కూర్చుని సాధన చేయించాడు. మొదటి ప్రశ్నకే ఆవిడ తప్పు ఒప్పేసుకుంది. ఆయన అడిగింది కూరలో ఉప్పు సంగతి.

కోర్టులో పెదాలు బిగబట్టి నిలబడింది. అంతలో జడ్జీగారి కలం కింద పడింది.

"తప్పు నాదే, ఏమనుకోకండి," అంది తప్పునాదమ్మ.

అందరూ నవ్వారు. వకీలు అదే అదనుగా లేచి, ఈవిడ దేనికైనా ఇదే మాట అంటుందనీ, ఈ ఒప్పుకోలుకు విలువ కట్టొద్దనీ విన్నవించాడు.

అప్పుడు దర్జీ మాట్లాడటానికి అనుమతి అడిగాడు. వాయిదా పడ్డ ప్రతిసారీ ఆఫీసు నుంచి ఒక్క కబురూ రాలేదనీ, ఈవిడే తన సెలవు రోజున రెండు బస్సులు మారి జైలుకు వచ్చి చెప్పి వెళ్లేదనీ అన్నాడు.

వకీలు మొహం పాలిపోయింది. జడ్జీ ఆవిడ వైపు తిరిగి, నిజమేనా అని అడిగారు.

"నిజమేనండి. పాపం, ఆయన విచారణ రోజు పొద్దున్నే తల దువ్వుకుని, ఎప్పుడు పిలుస్తారా అని గుమ్మంకేసి చూస్తూ కూర్చునేవారట. పిలవరని ముందే తెలిస్తే ఆ ఎదురుచూపైనా తప్పుతుంది కదా అని వెళ్లేదాన్ని."

"మరి ఈ ఆలస్యంలో తప్పెవరిది?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"నాది కాదండి," అంది. "మా ఆఫీసుది."

జీవితంలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. వినలేక వకీలు కూర్చుండిపోయాడు. దర్జీకి నష్టపరిహారం ఇవ్వాలనీ, వారంలోగా అర్జీ వినాలనీ తీర్పు వచ్చింది. బోర్డు విన్నది, విడుదల చేసింది.

బయటికొచ్చిన మర్నాడే దర్జీ ఆవిడను చూడటానికి ఆఫీసుకు వెళ్లాడు. ఆవిడ కుర్చీ వేసి, టీ తెప్పించింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇన్నాళ్లూ వాయిదా సంగతులు తప్ప మరో మాట ఎరగరు. ఇప్పుడేం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. టీ చల్లారుతుండగా దర్జీ మెల్లగా తన నడుం నొప్పి ప్రస్తావన తెచ్చాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. తన మోకాళ్ల నొప్పుల కథ ఎత్తుకుంది. ఆఫీసు మూసే వేళకి కాపలావాడు తాళాలు పట్టుకుని రెండుసార్లు తొంగిచూసినా వాళ్ల కబుర్లు తెమల్లేదు.