ఒంటికి రాసుకున్న మట్టి

మొన్న ఆదివారం మా మనవరాలు జూడో కోటు వేసుకుని హాల్లో నా ఎదురుగా నిలబడి, "తాతయ్యా, ఈ కాలరు పట్టుకోండి, పడెయ్యనులెండి" అంది. రాజమండ్రిలో కాలేజీ అయ్యాక సాయంత్రాలు నేర్చుకుంటోంది. ఒత్తుగా కుట్టిన ఆ ముతక కాలరు వేళ్ళకు తగలగానే, డెబ్బై దాటిన ఈ వయసులో కూడా నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. నడుం నొప్పని చెప్పి తప్పించుకున్నాను.

నా తరం వాళ్ళకు గోదా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దిగువన కాలువ గట్టు పక్కన మా మేనమామకు ఒక గోదా ఉండేది, ఆయనే మాకు కుస్తీ నేర్పే వస్తాదు. జల్లించిన ఒండ్రుమట్టిలో నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ కలిపి, గట్టిపడకుండా రోజూ తవ్వి తడపడం నా పని. ఆయన కొడుకు, అంటే మా బావ, ఉద్యోగం వెతుక్కుంటూ ఊరు వదిలాక, తన తర్వాత గోదా మేనల్లుడిదేనని, అంటే నాదేనని, మావయ్య కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవారు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన నేను, కాకినాడ వెళితే ప్రమోషన్ ఇస్తామన్నా వద్దనుకుని ఉండిపోయింది ఆ మాట మీదే.

కొన్నేళ్ళకు బావ తెల్లకోటుతో, జూడోతో తిరిగొచ్చాడు. నిజానికి ఆ విద్య నాకు నచ్చింది. కుస్తీలో మనిషిని ఎత్తి పడేస్తే సగం పనే అయినట్టు, బోర్లా తిరిగి మట్టిని కరుచుకున్నవాణ్ణి వెల్లకిలా తిప్పి రెండు భుజాలూ నేలకు ఆనిస్తేనే చిత్తయినట్టు. జూడోలో ఒడుపుగా, జోరుగా వీపు మీద పడేస్తే ఆట అక్కడితో సరి. మేము నడుమో మెడో కాలో పట్టేవాళ్ళం, వాళ్ళు కోటు పట్టి లాగి ఎదుటివాడి బరువుతోనే వాణ్ణి పడేస్తారు. పీక నొక్కడం వాళ్ళలో చెల్లుతుంది, మా గోదాలో తప్పు. తర్వాతి రోజుల్లో పరుపుల మీది కుస్తీలూ చూశాను. ఒకదానిలో నడుం కింద పట్టకూడదు, ఇంకోదానిలో కాళ్ళూ పట్టొచ్చు, రెండింటిలోనూ పాయింట్ల లెక్క. దేని ధర్మం దానిది.

అందుకే, ఊళ్ళో వాళ్ళకు రెండు విద్యలూ చూపిద్దామని మావయ్య అంటే సంతోషంగా ఒప్పుకున్నాను. మొదట కోట్లు వేసుకుని జూడో, తర్వాత విప్పేసి కుస్తీ అని షరతు పెట్టింది ఆయనే. బావ తన పాత కోటు నాకు తొడిగి, బెల్టు కూడా తనే కట్టి, "పెళ్ళికొడుకులా ఉన్నావు బావా, కదలకు" అని ఆటపట్టించాడు. కాలరు పట్టాడో లేదో, నేను గాలిలో ఉన్నాను. వీపు నేలకు తాకింది, బావ గెలిచాడు. అందులో నాకు పేచీ లేదు.

లేచి కోటు విప్పి మడతపెట్టి, గుప్పెడు మట్టి కళ్ళకద్దుకుని ఛాతీకి, భుజాలకు రాసుకున్నాను. చెమటకు జారే ఒంటి మీద అవతలివాడికి పట్టు దొరకాలని మన చేత్తో మనమే మట్టి రాసుకోవడం గోదా మర్యాద. బావ కోటు విప్పలేదు. మావయ్య గోదాలోకి దిగి వాడి చెయ్యి పైకెత్తి, ఇకమీదట ఇక్కడ వీడే నేర్పుతాడని జనానికి చెప్పారు.

"కుస్తీ మిగిలుంది కదండీ మావయ్యా" అన్నాను.

"ఇంకెందుకురా అల్లుడూ, అందరూ చూశారుగా" అన్నారు, నా వైపు చూడకుండా.

జూడో పరుపులు పోటీకి ముందే లారీలో వచ్చి, అత్తయ్య వంటింటి వెనకాల దించి ఉన్నాయని మర్నాడు తెలిసింది. రోజూ డైరీ రాసే నేను ఆ రోజు పేజీలో కాలువకు నీళ్ళు వదిలారని మాత్రమే రాసుకున్నాను.

మావయ్య పోయారు. గోదా ఉన్నచోట ఇప్పుడు చేపల మేత గోడౌను. నరసాపురంలో స్థిరపడిన బావ పెళ్ళిళ్ళలో కనిపిస్తే నన్ను పడేసిన కథ నా ముందే నవ్వుతూ చెబుతాడు, రెండో ఆట ఏమైందని ఎవరూ అడగరు. కోటు ఉన్నది కూడా అవతలివాళ్ళకు పట్టు ఇవ్వడానికేనని మనవరాలు చెబుతోంది, జూడో మీద నాకు కోపమేమీ లేదు. అయితే కోటు బజారులో దొరుకుతుంది, మట్టి మాత్రం ఎవరికి వారు రాసుకోవాల్సిందే. ఆ సాయంత్రం నేను రాసుకున్నది, పట్టుకునే చెయ్యి రాకుండానే ఒంటి మీద ఎండిపోయింది.