ఆకుపచ్చ వెలుతురులో ఎర్రకోడి

ఈ కథలో ఒక కోడి చనిపోతుంది. ముందే చెబుతున్నాను, గుండె దిటవు చేసుకోండి. దాంతోపాటు నా పరువు కూడా పోయింది. కోడి కనీసం కూరగానైనా పనికొచ్చింది, నా పరువు దేనికీ పనికిరాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట. అప్పుడే సైన్సు మాస్టారుగా ఉద్యోగం వచ్చింది. మాది తిరుమలాయపాలెం దగ్గర పల్లె. పోస్టింగేమో పినపాక దాటి, అడవి అంచున ఉన్న ఊళ్ళో. పెట్టె, పరుపు, బకెట్టు మోసుకుని దిగాను. పిల్లల కళ్ళు తెరిపించడానికే పుట్టానని నాకు మహా గట్టి నమ్మకం. నా కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు.

ఏడో తరగతిలో వెలుతురు పాఠం మొదలుపెట్టాను. ఒక టమాటా చేత్తో పట్టుకుని గొంతు సవరించుకున్నాను.

"పిల్లలూ, టమాటా ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? ఎండ తెల్లగా ఉంటుంది కదా, ఆ తెలుపులోనే అన్ని రంగులూ కలిసి ఉంటాయి. టమాటా మిగతా రంగులన్నీ మింగేసి ఎరుపును మాత్రం బయటికి తోసేస్తుంది. అది వచ్చి మన కంట్లో పడుతుంది. అసలు ఎరుపే లేని వెలుతురులో పెట్టామనుకోండి, తోసేయడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు నల్లగా కనిపిస్తుంది. చీకట్లో అయితే ఏ రంగూ లేదు!"

ముందు బెంచీలో నాగమణి లేచింది. రెండు జడలు, చేతిలో సగం అరిగిన పెన్సిలు. ఆ పిల్ల లేచిందంటే నాకు అప్పటికే కొంచెం గుబులుగా ఉండేది.

"అంటే చీకట్ల మా ఎర్రకోడి గూడ ఎర్రగ ఉండదా సార్?"

"ఉండదమ్మా."

"ఉంటది సార్. నేను రోజూ గంప కింద మూసేటప్పుడు జూస్త గద."

"చీకట్లో ఎట్లా చూస్తావు?"

"బుడ్డి దీపం బెట్టి."

"అదిగో! దీపం వెలుతురు ఉంది కాబట్టి కనిపించింది!" అన్నాను, లాయరు సాక్షిని పట్టేసినట్టు.

నాగమణి పెన్సిలు చెవి మీద దోపుకుంది. "అంటే దీపం తీసేసినంక అది నల్లగైతదా? మళ్ల పొద్దుగాల ఎర్రగైతదా? రోజూ గంత పని దానికెందుకు సార్?"

తరగతంతా గొల్లుమంది. ఈ ప్రశ్నకు జవాబు బి.ఇడి.లో చెప్పలేదండీ. చెప్పి ఉంటే ఆ రోజు నేను కాలేజీకి వెళ్ళి ఉండను. ఏమైతేనేం, పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపు నీ కోడినే తెప్పిస్తా, నీ ముందే నల్లగా చేసి చూపిస్తా, మళ్ళీ ఎర్రగా చేసి ఇస్తా!" అనేశాను. టమాటా సరిపోయేది. టమాటాతో ఆగిపోయి ఉంటే నేనీపాటికి మర్యాదస్తుడిగా చెలామణి అవుతూ ఉండేవాణ్ణి, ఇలా మీ ముందు నవ్వులపాలయ్యేవాణ్ణి కాదు.

నేను కిరాయికి ఉన్న గది నాగమణి వాళ్ళ అవ్వ రాములమ్మదే. సాయంత్రం వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తింది.

"కోడి బడికి పోయి ఏం జేస్తది సారూ? కలెక్టరైతదా?"

"ఒక్క పాఠానికే అవ్వా. గంటలో తెచ్చిస్తా."

"అది ముత్యాలమ్మ కోడి. పోయిన వానకాలం మా నాగమణికి జరమొచ్చి కండ్లు దేలేసింది. దవాఖానాల ఒక పక్క, మొక్కు ఒక పక్క. పిల్ల లేస్తే నీకు ఎర్రకోడిని ఇచ్చుకుంట తల్లీ అన్న. లేసింది. పిల్లప్పటి సంది సాకుతున్న దాన్ని, వచ్చే ఆదివారమే జాతర. దాని ఈక ఊడినా మీరే జిమ్మెదారు."

"చదువు కోసం అవ్వా!" అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఎర్రగ ఇస్తున్న. ఎర్రగనే తేవాలె" అంది.

మర్నాడు బడికి తనిఖీ ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయనకు నాటుకోడి అంటే ప్రాణమట. అందుకని మా హెడ్మాస్టరుగారు ఎక్కడినుంచో ఒక నల్లటి పుంజును తెప్పించి, సైకిలు పక్కన కట్టేశారు. నిగనిగలాడుతోంది, కాటుక పూసినట్టు. దాన్ని చూడగానే నా బుర్రలో ఇంకో దీపం వెలిగింది. ఎర్రకోడి నల్లబడిందని ఎట్లా నమ్మించాలి? పక్కన అసలు సిసలు నల్లకోడిని పెడితే సరి! రెండూ ఒక్కలాగే కనబడతాయి. ఎలాగూ మధ్యాహ్నానికి కూరయ్యే ప్రాణి, కాసేపు చదువుకుంటే దానికొచ్చిన నష్టమేంటి? హెడ్మాస్టరుగారిని అడిగాను. ఆయన ఆఫీసరుగారి కుర్చీకి దుమ్ము దులిపిస్తూ, "తీస్కపో, గని మల్లమ్మ వచ్చి అడిగితే జల్దీ ఇయ్యి" అన్నాడు. మల్లమ్మ అంటే మధ్యాహ్న భోజనం వండే ఆవిడ.

తరగతి గది కిటికీలన్నిటికీ గొంగళ్ళు కట్టించాను. ఒక్క కిటికీకి మాత్రం, అవతలి వైపు కనబడే పల్చటి ఆకుపచ్చ రంగు కాగితాన్ని మడతలు పెట్టి అంటించాను. తలుపు మూశాం. గదంతా పాచిపట్టిన బావి అడుగులా అయింది. టేబులుకు కుడివైపు కాలికి ఎర్రకోడి, ఎడమవైపు కాలికి నల్లకోడి. గుర్తు కూడా పెట్టుకున్నాను: ఎడమ నల్లది, ఎడమ నల్లది. ఎంత జాగ్రత్త మనిషినో చూడండి.

పిల్లల కళ్ళు ఆ వెలుతురుకు అలవాటుపడ్డాయి. ఒక్కసారిగా ఓ అని అరిచారు.

"సార్! రెండూ ఒక్క తీర్గనే ఉన్నయ్!"

"తోకలు గూడ!"

"జుట్టు గూడ నల్లగైంది సార్!"

నాగమణి టేబులు దగ్గరికొచ్చి, వంగి, నోరు తెరిచేసింది. ఆ నోరు తెరవడం చూశాక నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. ఆ ముహూర్తాన నన్ను పల్లకీలో ఊరేగించినా నాకు తక్కువే అనిపించేది.

సరిగ్గా అప్పుడే నాకు ఎదురుగా, టేబులుకు అవతలి వైపున్న తలుపు దబదబా మోగింది.

"సారూ, కోడి ఇయ్యుండ్రి. ఆఫీసరు సారు వచ్చిండు. ఇంకెప్పుడు గోసుడు, ఎప్పుడు వండుడు?"

తలుపు బార్లా తీస్తే వెలుతురొచ్చి ప్రయోగం పాడవుతుంది కదా. కాబట్టి టేబులు చుట్టూ తిరిగి తలుపు వైపుకు వచ్చాను. వంగాను. 'ఎడమ నల్లది' అని మనసులో అనుకుని నా ఎడమ చేతి వైపున్న కోడిని విప్పాను. తలుపు జానెడు తెరిచి, దాన్ని ఆ సందులోంచి బయటికి తోసి, టక్కున మూసేశాను.

మీకు అర్థమైపోయింది కదూ? టేబులుకు ఇవతలి వైపుకు వచ్చిన మనిషికి ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమవుతుంది. ఇది మీకు తెలుసు. ఒకటో తరగతి పిల్లలకు తెలుసు. నాకు డిగ్రీ ఉంది కాబట్టి తెలియలేదు. ఎర్రది నల్లగా కనబడుతుందని పొద్దున్నించీ గొంతు చించుకున్నది నేనే, కంటికి నల్లగా కనబడింది కాబట్టి నల్లదే అని నమ్మిందీ నేనే.

వెనక బెంచీ పిల్లలు వాళ్ళ కోయ భాషలో ఏదో అనుకుని కిసుక్కున నవ్వారు. "ఏంటది?" అన్నాను. "ఏం లేదు సార్" అన్నారు.

మిగిలిన కోడి మెడ సాచి గట్టిగా కూసింది. నాగమణి ఉలిక్కిపడింది.

"సార్, ఇది మా కోడి కూత కాదు."

"నాగమణీ, ఇది వెలుతురు పాఠం. శబ్దం పాఠం వచ్చే నెల. కూర్చో."

"నిజంగ సార్, మా కోడి కూత గిట్లుండదు, ఆఖరికి కొంచెం గుంజుతది..."

"కూర్చోమన్నానా!"

కూర్చుంది. నేను ఇంకో అరగంట దంచి, చివరికి చేతులు పైకెత్తాను. "ఇప్పుడు కిటికీ తెరుస్తున్నాను! తెల్లటి వెలుతురు లోపలికి వస్తుంది! నాగమణి వాళ్ళ కోడి మళ్ళీ ఎర్రగా మారుతుంది! చూడండి!"

గొంగడి లాగాను. పిల్లలు చూశారు. కోడి మమ్మల్ని చూసింది.

"సార్, ఇంక నల్లగనే ఉంది" అన్నారెవరో.

"పక్క కిటికీ కూడా తెరవండి."

తెరిచారు. నల్లగానే ఉంది.

"తలుపు తియ్యండి!"

తీశారు. కోడి రెక్కలు దులుపుకుంది. ఇంకాస్త నిగనిగలాడింది.

"ఎండల నిలబెడదమా సార్?" అన్నాడొక మంచివాడు, నా మీద జాలితో. బుద్ధున్న వాడెవడైనా వద్దంటాడు. నేను సరే అన్నాను! కోడిని చంకన పెట్టుకుని బయట నడి ఎండలో నిలబడ్డాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. చొక్కా అంచుతో తుడిచాను కూడా. అప్పుడు నాగమణి చాలా మెల్లగా అంది: "సార్, మా అవ్వ మిమ్ముల సంపుతది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వంటశాలకు పరుగెత్తాను. వెనక తరగతి మొత్తం. వంటశాల పక్కన ఈకల కుప్ప, ఎర్రగా, ఎండలో మెరిసిపోతూ. అంత చక్కటి ఎరుపును మళ్ళీ నేను చూడలేదు.

"మస్తు కోడి సారూ" అంది మల్లమ్మ గరిటె తిప్పుతూ. "గింత మంచి పుంజును కోయనీకి చెయ్యి రాలే."

హెడ్మాస్టరుగారు పరుగున వచ్చాడు. నా చంకలో ఉన్న కోడిని చూశాడు, పొయ్యి మీదున్న గిన్నెను చూశాడు.

"నా కోడి నీ దగ్గరుంటే, ఆ ఉడికేది ఎవలదయ్యా?"

"ముత్యాలమ్మది సార్."

లోపల ఆఫీసరుగారు ఆకలిగా ఉందని కబురు పంపాడు. ఇంక చేసేదేముంది? వడ్డించారు. ఆయన ముక్క ముక్కకూ మెచ్చుకున్నాడు. "ఏమయ్యా, నువ్వు తినవేం?" అన్నాడు నన్ను. "ఈరోజు ఉపవాసం సార్" అన్నాను. నిజంగానే ఉపవాసమైంది.

పొద్దుగూకుతుండగా నల్లకోడిని పట్టుకుని ఇంటికి బయల్దేరాను. హెడ్మాస్టరుగారు దాన్ని నాకే ఇచ్చేశాడు, పాపం, నా మొహం చూడలేక. నాగమణి నా పక్కన నడుస్తోంది. ఆ మసక వెలుతురులో గంప కింద పెట్టేసి తెల్లారేలోపు ఊరు వదిలేస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాను. ధైర్యం చాలలేదు. వాకిట్లోనే రాములమ్మ నిలబడి ఉంది.

"ఇదేంది సారూ? ఇది నల్లగున్నది."

ఇక్కడ ఏ మనిషైనా కాళ్ళ మీద పడతాడు. నేను పాఠం మొదలుపెట్టాను. "అవ్వా, అసలు రంగు అనేది వస్తువులో ఉండదు."

"మరి ఏడుంటది?"

"వెలుతురులో ఉంటుంది."

"నేను ముత్యాలమ్మకు కోడిని మొక్కిన సారూ, వెలుతురును మొక్కలే. కోడేది?"

చెప్పేశాను. తలుపు సందు, ఎడమ చెయ్యి, ఆఫీసరుగారి విస్తరి, అంతా. కొడుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె ఆ రెండూ చేయలేదు. నాగమణిని దగ్గరికి లాక్కుని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మెడ మీద పెట్టి చూసింది. మళ్ళీ నుదురు. పోయిన వానాకాలపు జ్వరం ఆమె కళ్ళలో కనబడింది నాకు. నిజం చెబుతున్నాను, నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"అవ్వా, ఆదివారం లోపల ఎర్రకోడిని తెస్తా. తేకపోతే నన్నే కట్టెయ్యి అమ్మవారి ముందు" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఎరుపేదో మీకెట్ల దెలుస్తది సారూ" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక చూడండి నా తిరుగుడు. బడి అయిపోగానే సైకిలు, చుట్టుపక్కల పల్లెలు, ప్రతి ఇంటి ముందూ అదే మాట: "ఎర్రకోడి ఉందా?" చివరికి పినపాక సంతలో దొరికింది. తాటాకు నీడలోంచి దాన్ని ఎండలోకి తీసుకెళ్ళాను, నీడలోకి తెచ్చాను, మళ్ళీ ఎండలోకి తీసుకెళ్ళాను. అమ్మే ఆమె విసుక్కుంది. "కొనేది కోడినా సారూ, పట్టుచీరనా?"

ఆదివారం ముత్యాలమ్మ గుడి దగ్గర ఊరంతా ఉంది. డప్పులు మోగుతున్నాయి. మా ఏడో తరగతి మొత్తం వరుసగా నిలబడింది, హాజరు పట్టీలో ఒక్కడు తప్పకుండా. హెడ్మాస్టరుగారు కూడా వచ్చాడు. కొత్త కోడిని నా చేతనే మోయించింది రాములమ్మ. పసుపు, కుంకుమ అయ్యాక పూజారి అడిగాడు: "ఎవరి పేరు మీదనే అవ్వా? మనుమరాలి పేరేనా?"

నేను తల వంచుకుని ఉన్నాను. మొక్కు తీరితే చాలు, ఆ చెయ్యి మాటిమాటికీ నాగమణి నుదుటి మీదికి పోవడం ఆగితే చాలు అనుకుంటున్నాను.

"నా మనుమరాలి కోడిని అమ్మోరు బడికాడనే అందుకున్నది. ఆ లెక్క తల్లే జూసుకుంటదని నిన్న అమ్మోరు పూనినామెతోని చెప్పిచ్చుకున్న. ఈ కోడి దానిది కాదు" అంది రాములమ్మ.

పూజారి కుంకుమ పళ్ళెం కింద పెట్టాడు.

"మరెవరిదే?"

ఆమె రెండు చేతులూ జోడించి, ఊరు ఊరంతటికీ వినబడేలా గొంతెత్తింది.

"తల్లీ ముత్యాలమ్మా! మా సారుకు కండ్లు సరిగ్గ గనవడ్తలేవు. ఎరుపేదో నలుపేదో, ఎడమేదో కుడేదో తెల్వదు. చిన్నోడు, ఇంక పెండ్లి గూడ గాలే. ఆ కండ్లు మంచిగజేసి మా పిలగాండ్లకు సక్కగ చదువు చెప్పేటట్టు జూడు తల్లీ!"

ఊరంతా భక్తిగా దండం పెట్టింది. మా హెడ్మాస్టరుగారు అందరికన్నా గట్టిగా పెట్టాడు. ఏడో తరగతి పిల్లలు కళ్ళు మూసుకుని, నవ్వు ఆపుకోలేక ఊగిపోతూ, నా కళ్ళ కోసం ప్రార్థించారు.

ఆ జాతర మట్టి మీద నిలబడి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. తూర్పుకు తిరిగి, పడమటికి తిరిగి, ఎందుకైనా మంచిదని కుడి ఎడమలు రెండుసార్లు సరిచూసుకుని మరీ చేశాను: ఇకమీదట కూయగలిగేది, ఎగరగలిగేది, ఉల్లిపాయలేసి వండగలిగేది ఏదీ తరగతి గదిలోకి రానివ్వను. ఎంతటి తెలివైన పిల్ల ఎంతటి ప్రశ్న అడిగినా, "తెలియదమ్మా, కూర్చో" అంటాను. ఈ మాట తప్పితే, రాములమ్మ నా కోసం ఇంకో కోడిని మొక్కుగాక.