మరకలన్నీ తొలగించబడ్డాయి

ఆస్తి రికార్డుల ఆఫీసులో అందరికీ ఆమె స్కానరమ్మే. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. పంతొమ్మిదేళ్లుగా కిటికీ లేని గదిలో కూర్చుని, జనం కాగితాలను గాజు పలక మీద బోర్లా పడుకోబెట్టి కంప్యూటరులోకి ఎక్కించడమే ఆమె ఉద్యోగం.

ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు నోరెక్కువ. ఒక్కో కాగితానికి పద్నాలుగు ప్రశ్నలు అడిగేది. నలుపా, రంగులా? వంకర సరిచేయాలా? మరకలు తీసేయాలా? దొంగను పట్టుకున్న పోలీసులు కూడా ఇన్ని అడగరని ఒకరోజు ఒళ్లుమండి పై ఆఫీసుకు ఫిర్యాదు రాసి, కింద ఒయ్యారంగా సంతకం పెట్టింది. విచిత్రం ఏమిటంటే పైవాళ్లు దాన్ని చదివారు. ఆరు నెలల్లో కొత్త సాఫ్ట్‌వేర్ దిగింది. ప్రశ్నలు లేవు, ఒకే ఒక్క పచ్చ బటన్. నొక్కితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. స్కానరమ్మ మురిసి ముక్కలైంది. వేలిముద్రలు రాలేదని కొందరు తిరిగి వస్తే, "సరిగ్గా వేసి తీసుకురండి" అని పంపేసింది.

ఆ మురిపెం అత్తగారి కాగితం వచ్చేదాకే. మామగారు పోయాక రెండు గదుల ఇల్లు అత్తగారి పేరుకు మారాలి. శుక్రవారం లోపల కాగితం ఎక్కకపోతే మామగారి తమ్ముడు పెట్టుకున్న అర్జీ నెగ్గుతుంది. చదువురాని అత్తగారు సంతకం చోట బొటనవేలి ముద్ర వేసింది. స్కానరమ్మ బటన్ నొక్కింది. "మరకలన్నీ తొలగించబడ్డాయి. సంతకం లేదు. తిరస్కరించడమైనది" అంది తెర. కాదనడానికి దాని మీద చోటే లేదు.

మర్నాడు సిరా దట్టంగా పూసి మళ్లీ వేయించింది. "పెద్ద మరక తొలగించబడింది" అని యంత్రం ఇంకా సంబరపడింది.

"నా వేలు మరకా?" అంది అత్తగారు.

"మీ వేలిదేం తప్పులేదత్తయ్యా. దానికి తెలివి ఎక్కువైంది."

"మరకలు తీసెయ్యమని దానికెవరు చెప్పారే?"

స్కానరమ్మ కాగితం మడిచి పక్కన పెట్టింది. పాతదాంట్లో ఆ ప్రశ్నకు రోజుకు వందసార్లు 'వద్దు' అని నొక్కింది తనే. ఆ ప్రశ్నను పీకించిందీ తనే.

శుక్రవారం ఉదయం అత్తాకోడళ్లిద్దరూ స్కానర్ ముందు ఉండగానే సౌలభ్య నిపుణుడు తనిఖీకి వచ్చాడు. జనానికి సాఫ్ట్‌వేర్ ఎంత సుఖంగా ఉందో కొలవడం ఆయన వృత్తి. స్కానరమ్మ కాళ్లావేళ్లా పడింది.

"ఆ ఒక్క ప్రశ్న మళ్లీ పెట్టించండి సార్."

"ప్రశ్నలు వద్దన్నది మీరే కదా మేడం," అంటూ ఆయన ఆమె ఫిర్యాదునే తెర మీద చూపించాడు. కింద ఆమె సంతకం నిగనిగలాడుతోంది. "ఇప్పుడు పెడితే సౌలభ్యం పదమూడు శాతం పడిపోతుంది. వచ్చే ఏడాది చూద్దాం."

అత్తగారికి చిర్రెత్తుకొచ్చింది. "వచ్చే ఏడాదికి నా ఇంట్లో ఎవరుంటారు?" అంటూ బల్ల మీది పెన్ను పిడికిట బిగించి, సంతకం చోట కాగితం చిరిగేంత గట్టిగా అడ్డగీత కొట్టింది. ఇంకో అర్జీ రాసే వ్యవధి లేదు. అయ్యిందేదో అయ్యిందని స్కానరమ్మ అదే కాగితం పలక మీద పెట్టి బటన్ నొక్కింది.

"సంతకం గుర్తించబడింది. ఆమోదించడమైనది."

నిపుణుడు చప్పట్లు కొట్టాడు. "చూశారా, ఎంత సులువో."

అత్తగారు ఆ గీత వంక అనుమానంగా చూసింది. "ఇది ఎవడైనా గీస్తాడు కదే. రేపు మా మరిది వచ్చి గీస్తే ఇల్లు వాడికిచ్చేస్తుందా?"

ఇల్లు దక్కిన సంతోషం కంటే స్కానరమ్మకు సిగ్గే ఎక్కువైంది. బయట వరండాలో, ఆమె వెనక్కి పంపినవాళ్లే, వేళ్లకు సిరాతో మళ్లీ వరుసలో నిలబడి ఉన్నారు.

నిపుణుడు తన చేతిలోని టాబ్లెట్‌ను అత్తగారి ముందు పెట్టాడు. దాని మీద ఏడుపు నుంచి నవ్వు దాకా ఐదు ముఖాలున్నాయి.

"మా సేవ ఎలా ఉందో చెప్పండమ్మా. రాయక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఏదో ఒక ముఖం మీద వేలు పెడితే చాలు."

ఆమె తన నల్లటి బొటనవేలినీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"దీనికి మాత్రం నా వేలు పనికొస్తుందా నాయనా?" అంది.