అమెరికా కథతో గెలిచిన ఓటు

ఖతార్‌లోని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో నాది ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఉద్యోగం. గేజీలు నిజం చూపిస్తున్నాయో లేదో చూడటం నా పని. డ్యూటీ అయ్యాక క్యాంపులో గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటాను. కార్మికుల కమిటీకి మా బ్లాక్ నుంచి ఒక ప్రతినిధిని ఎన్నుకోమని కంపెనీ చెప్పినప్పుడు నేనూ పేరిచ్చాను. నాకు పోటీ జగిత్యాల వైపు ఫోర్‌మన్ ఒకాయన.

మా దగ్గర ఓటు మనిషికి కాదు, గదికి. గదికొక పెద్ద ఉంటాడు, మెస్‌లో అతనే చెయ్యెత్తాలి. లెక్క వేసి చూసుకున్నాను. కుర్రాళ్లు నావైపు, గది పెద్దలు ఫోర్‌మన్ వైపు. ఓటమి ఖాయం. అందుకే ఒక శుక్రవారం భోజనాల దగ్గర, పరీక్ష కోసం చదివిన సంగతి ఒకటి తీశాను.

పోయిన శతాబ్దం మొదట్లో అమెరికాలో సెనేట్‌కు ఎవరు వెళ్లాలో రాష్ట్ర శాసనసభ్యులే తేల్చేవారు. పడమటి తీరంలో ఒక రాష్ట్రం మాత్రం ముందు జనాన్ని అడిగింది. జనం కోరినవాడికే వేస్తామని చాలామంది సభ్యులు రాసిచ్చారు. తీరా జనం కోరింది ఎదుటి పార్టీ మనిషిని. సభలో బలమున్నవాళ్లు పళ్లు కొరుక్కుంటూనే అతనికి వేసి పంపారు. మీరూ గదిలో అందర్నీ అడిగి వెయ్యండి అన్నాను. కథ నిజమే. చెప్పిన కారణం వేరు.

వాళ్లకెన్ని ఫులూస్, అదే డబ్బులు, ముట్టాయో అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఒక గది పెద్ద నవ్వలేదు. అతని అక్క మొగుడే ఫోర్‌మన్. ఇతనికి వీసా ఇప్పించిందీ ఆయనే. ఇద్దరిదీ ఒకటే వంట.

"సొంత పార్టోన్ని ఇడిషిపెట్టి ఏసిండ్రా?" అని అడిగాడు.

"వేశారన్నా."

"నువ్వుంటే ఏస్తువా?"

"వేసేవాణ్ణి" అన్నాను. నోట్లో ముద్ద మింగకముందే అన్నాను.

అతను వెళ్లి గదిలో అడిగాడు. కుర్రాళ్లు నా పేరు చెప్పారు. ఎన్నిక రోజు అతని వంతు చివర వచ్చింది, మరికొన్ని గదుల్లోనూ అడిగి వేయడంతో అప్పటికి నేనూ ఫోర్‌మనూ సమానం. బావ వైపు ఒకసారి చూసి, నాకు చెయ్యెత్తాడు. ఫోర్‌మన్ తన పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ గది పెద్ద చోట నేనుంటే బావకే వేసేవాణ్ణి. చప్పట్లు కొడుతున్నప్పుడే అది నాకు తెలుసు.

ఆనాటి నుంచి వంటలు వేరయ్యాయి. దుబాయ్‌ల నా మొగన్ని నలుగుట్ల చిన్నగ జేసినవని అతని అక్క ఫోన్ పెట్టేసిందట; ఊళ్లో వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. నేను తప్పుకుంటానని అతనితో చెప్పాను.

"నీ కోసం ఏసిన్ననుకుంటున్నవా తమ్మీ? పోరగాళ్లను అడిగిన. అడిగినంక ఎట్ల తప్పుత?" అన్నాడు. మళ్లీ తనే, "ఒక్క పని జెయ్యి. నన్ను రాత్రి షిఫ్టుకు మార్పియ్యి. బస్సుల నా పక్క సీటొక్కటే ఖాళీ ఉన్నా బావ నిలవడే వస్తుండు. మోకాళ్ల నొప్పులాయనకు."

ప్రతినిధిగా నేను ఆఫీసుకు తీసుకెళ్లిన మొదటి విన్నపం అదే. వెంటనే ఒప్పుకున్నారు. కమిటీ బాగా పనిచేస్తోందని క్యాంప్ బాస్ నా భుజం తట్టాడు.

ఇప్పుడు పొద్దున నేను బస్సెక్కే వేళకు అతను డ్యూటీ దిగి వస్తుంటాడు. బావ కూసుంటుండా అని అడుగుతాడు. కూర్చుంటున్నాడని చెబుతాను, అది నిజమే; ఆ రోజు మెస్‌లో వేసేవాణ్ణి అన్నదే అబద్ధం. ఈమధ్య అతను కనబడగానే ఫోన్ చెవికి పెట్టుకుని, మాట్లాడుతున్నట్టు నటిస్తూ బస్సెక్కేస్తున్నాను.