రోజుకొక మంగళవార్త జపం

క్రిస్మస్ అయిన నాలుగో రోజు పొద్దున డోన్ రైల్వే స్టేషన్‌లో మా అన్న తప్పిపోయాడు. ఇది జరిగి ఆరేళ్లయింది. అప్పటికి అన్నకు ముప్పై ఆరేళ్లు, నాకు ముప్పై ఒకటి. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో ఉన్నది అమ్మ, అన్న, నేను. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే పని.

అన్న ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. నెమ్మదస్తుడు. ఆదివారం చర్చిలో జరిగే పూజలో పాటలకు డోలక్ వాయించేవాడు. ఒక ఎండాకాలం ఉన్నట్టుండి అతనికి నిద్ర పట్టడం మానేసింది. తరువాత గోడలోంచి ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో మాత్రలు రాసిచ్చారు. అవి మింగిన నెలల్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాడు. మానేసిన నెలల్లో ఎటో ఒకవైపు నడిచి వెళ్లిపోయేవాడు. మేము వెతికి పట్టుకొచ్చేవాళ్లం. ఒకసారి ఓర్వకల్లు గుట్టల దగ్గర, చెప్పులు లేకుండా, పెదాలు పగిలి దొరికాడు.

పన్నెండేళ్లు అమ్మ దేవుణ్ణి ఒకటే అడిగింది. రోజూ జపమాల, మంగళవారాలు పునీత అంతోనివారి ప్రార్థన, శుక్రవారాలు ఉపవాసం. నాకు అంత భక్తి లేదు. అమ్మ కోసం గుడికి పోయేదాన్ని. ఏటా కొత్త సంవత్సరం వస్తుందంటే అమ్మ ముఖంలో ఒక ఆశ కనిపించేది. ఈ ఏడు వాడు బాగవుతాడు అనేది. పోయినేడు కూడా ఇదే మాట అన్నావని నేను గుర్తుచేస్తే, దేవునికి మన క్యాలెండరు లేదులే అని నవ్వేది.

ఆ సంవత్సరం అమ్మ ఒక మొక్కు పెట్టుకుంది. జనవరి ఒకటి మరియమ్మను దేవుని తల్లిగా తలుచుకునే పండుగ. ఆ లోపల అన్నను కడపలో మరియమాత గుడికి తీసుకుపోయి, మోకాళ్ల మీద నిలబెట్టి ప్రార్థన చేయించాలని. ముగ్గురం పోవాలనుకున్నాం. తీరా బయలుదేరే పొద్దున అమ్మ దుప్పటి కప్పుకుని పడుకుంది. జ్వరమని చెప్పింది. మీ ఇద్దరూ పోయి రండి, మొక్కు తప్పకూడదు అంది.

స్టేషన్‌లో గంట సేపు కూర్చున్నాం. బండి ఆలస్యం. అన్న ఒక్క మాటే అడుగుతున్నాడు, యాడికి పోతాండాం అని. కడపకు అని చెప్పేదాన్ని. తల ఊపేవాడు. నిమిషం తిరక్కుండా మళ్లీ అడిగేవాడు. మొదట ఓపిగ్గా చెప్పాను. తరువాత పలకడం మానేశాను. అన్న నా కొంగు పట్టుకుని గుంజాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు.

"యాడికన్నా పోన్నా. నన్ను మాత్రం ఇడిచిపెట్టు," అన్నాను.

అన్న కొంగు వదిలేశాడు. నేను లేచి టికెట్ల కోసం వరసలో నిలబడ్డాను. అప్పుడే అవతలి ప్లాట్‌ఫారం మీద ఒక బండి వచ్చి ఆగింది, పోయింది. టికెట్లు తీసుకుని వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ బెంచీని చూసినప్పుడు నాకు ముందు కలిగింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణమే. ఆ తరువాతే అన్నా అన్నా అని అరుస్తూ ప్లాట్‌ఫారం వెంబడి పరిగెత్తాను.

స్టేషన్ బయట టీ అంగడి నడిపే సాయిబు ఒకాయన నా అరుపులు విని పరుగున వచ్చాడు. అంగడి మూసేసి, నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని రెండు వైపులా రైలు కట్ట వెంబడి తిప్పాడు. రైల్వే పోలీసులకు ఆయనే దగ్గరుండి రాయించాడు. మరుసటి రోజు గుత్తి, ఆ మర్నాడు కర్నూలు తిరిగాను. బస్టాండ్లలో, దర్గాల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో ఫోటో చూపించాను. చివరికి శవాల గదికి కూడా తీసుకుపోయారు. అక్కడ ఉన్నది అన్న కాదు. కాదని తెలిసి దేవునికి స్తోత్రం అనుకున్నాను, వెంటనే సిగ్గుపడ్డాను. ఆ గదిలో ఉన్నతను కూడా ఎవరికో ఒకరికి అన్నే.

ఆ సాయంత్రం ఏడాది చివరి కృతజ్ఞతా పూజ. పూజకు ముందు ఫాదర్‌గారు పాపసంకీర్తనం, అంటే ఒక్కొక్కరు వచ్చి చెప్పుకునే పాపాలు, వింటున్నారు. కర్నూలు బస్సు దిగి నేరుగా గుడికి వెళ్లి మోకరించాను. స్టేషన్‌లో నేను అన్న మాట చెప్పాను. బెంచీ చూసినప్పుడు కలిగినదీ చెప్పాను.

పెద్దవయసు మనిషి ఆయన.

"ఆ మాట అన్నప్పుడు అతను నిజంగా పోవాలనే కోరుకున్నావా తల్లీ?" అని అడిగారు.

"కోరుకున్నాను ఫాదర్."

కోపంలో అన్న మాట దేవుడు పట్టించుకోడని చెప్తారనుకున్నాను. అలా చెప్పలేదు. పాపవిమోచనం ఇచ్చి, "మీ అన్న ఇంటికి వచ్చేదాకా రోజుకొక మంగళవార్త జపం చెప్పు," అన్నారు. అంతేనా అనిపించింది. నేను ఎంతో పెద్ద శిక్ష కోసం వెళ్లాను. మరియమ్మను తలుచుకునే ఆ చిన్న జపం అర నిమిషం పట్టదు. ఆయన ఇచ్చినదానికి కొస లేదని నాకు తరువాతి ఎండాకాలానికి గాని అర్థం కాలేదు. ఇప్పటికి రెండు వేల జపాలు దాటి ఉంటాయి. లెక్కల టీచర్నైనా లెక్క పెట్టడం మానేశాను.

జనవరి ఒకటి పొద్దున అమ్మ ముందు వరసలో కూర్చుంది. ఆరోజు సువార్తలో, జరిగినవన్నీ మరియమ్మ మనసులోనే దాచుకుందని వస్తుంది. విశ్వాసుల ప్రార్థనలో అన్న పేరు చదివారు. గుడంతా ప్రభువా మా మనవి ఆలకించండి అంది. అమ్మ నోరు మెదల్లేదు. అందరూ సత్ప్రసాదానికి లేస్తే అమ్మ లేవలేదు. తిరిగి ఇంటికి నడుచుకుంటూ వచ్చాం. ఇల్లు దగ్గర పడ్డాక అంది:

"పన్నెండేండ్లు బాగు చెయ్యమని అడిగితి. ఈ మూడు దినాలు, బాగు చెయ్యకున్నా పర్లేదు, ఇచ్చెయ్యమని అడిగితి. ఇంక నా కాడ అడిగే మాట ల్యా."

ఆరోజు నుంచి అమ్మ గుడికి రాలేదు. సిస్టరమ్మలు వచ్చి మాట్లాడారు. ఫాదర్‌గారు ఇంటికి వచ్చి కూర్చుని టీ తాగి పోయారు. అమ్మ మర్యాదగానే ఉండేది. ఆదివారం మాత్రం గడప దాటేది కాదు. భక్తి లేని నేను ఒక్కదాన్నే పోవడం మొదలుపెట్టాను. నమ్మకం ఉండి కాదు. ఇంట్లో ఇద్దరం మానేస్తే అన్న కోసం అడిగేవాళ్లు ఎవరూ ఉండరని.

మూడో ఏడు డిసెంబరులో, ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజ తీస్తూ కూర్చున్నప్పుడు, అమ్మకు నా సంగతి చెప్పేశాను. నేను పొమ్మన్నాను కాబట్టే అన్న పోయాడు, నువ్వు దేవుని మీద కోపం పెట్టుకోవద్దు, నా మీద పెట్టుకో అన్నాను. అమ్మ చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను.

"ఆ పొద్దు నాకు జరం రాల్యా," అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు. అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "వాన్తో అంత దూరం పోయేదానికి నాకు శాత గాలేదు మ్మే. ఒగ పగలు వాడు కండ్ల ముందర లేకుండా పండుకోవాలనిపిచ్చె. మొక్కింది నేను. మరియమ్మ కాడికి పోకుండా అబద్ధం చెప్పి పండుకుండింది నేను. ఆ గుడిలో ఏం మొగం పెట్టుకుని కూచోవాల?"

ఇద్దరం ఒకే కోరిక కోరుకున్నామని, మూడేళ్లు ఒకే ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోకుండా తిరిగామని అప్పుడు తెలిసింది. అమ్మను కౌగిలించుకోవాలనిపించింది. చేయలేదు. చేతులకు చింతపండు అంటుకుని ఉంది. అది సాకు అని నాకు తెలుసు. పాపసంకీర్తనం చేసుకో, మనసు తేలికపడుతుంది అన్నాను.

"ఫాదరయ్యకు చెప్తే ఏమొస్తాది? చెప్పాల్సింది వానికి," అని మళ్లీ గింజ తీయడం మొదలుపెట్టింది.

నాకు తేలికపడిందా అని అమ్మ అడగలేదు. అడిగి ఉంటే లేదనే చెప్పేదాన్ని. క్షమించబడ్డానని నమ్ముతాను. కానీ క్షమాపణ వల్ల అన్న రాడు. దేవుని మీద భరోసా పెట్టమని ప్రసంగంలో వింటూ ఉంటాను. ఏం జరుగుతుందని భరోసా పెట్టాలో నాకు తెలియదు. వస్తాడని అనుకోవడానికి ధైర్యం చాలదు, రాడని అనుకోవడానికీ చాలదు.

ఈ ఏడు క్రిస్మస్ మరునాడు వేరే రాష్ట్రం నుంచి ఒక ఆశ్రమంవాళ్లు ఫోన్ చేశారు. రోడ్ల మీద తిరిగేవాళ్లను చేరదీసి పెట్టుకుంటారట. మేము పంచిన ఫోటో చూశారట. తెలుగు మాట్లాడే ఒకాయన తమ దగ్గర ఉన్నాడని, పేరు చెప్పలేకపోతున్నాడని, పోలికలు కలుస్తున్నాయని చెప్పి ఫోటో పంపారు.

అన్న కాదు. నుదురు కలిసింది, అంతే. గడ్డం నెరిసిన మనిషి, నీలం చొక్కా, కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తున్నాడు.

అమ్మకు చూపించకూడదనుకున్నాను. కానీ ఫోన్ మాటలు విన్నది. చెయ్యి చాపితే ఇచ్చాను. కండ్లద్దాలు తెచ్చుకుని గడప దగ్గర వెలుగులో కూర్చుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందని పక్కన నిలబడ్డాను. ఏడవలేదు. ఫోటోలోని మనిషి చొక్కా గుండీలు తప్పు పెట్టారని అంది. తరువాత ఫోన్ తిరిగి ఇస్తూ, "ఈయప్పను కూడా ఎవరో యెతుకుతాంటారు. పూజలో ఈయప్ప గురించి చెప్పించు," అంది.

ఆరేళ్లలో అమ్మ ప్రార్థన గురించి నోరు తెరవడం అదే మొదలు. తనకోసం కాదు. అన్న కోసం కూడా కాదు.

ఈ సాయంత్రం బడి నుంచి వస్తూ గుడి ఆఫీసులో ఆగాను. మనవుల కాగితంలో పేరు రాయాల్సిన చోట ఏం రాయాలో తెలియలేదు. చివరికి, నీలం చొక్కా వేసుకున్న ఒక అన్న కోసం, అతని తల్లి కోసం అని రాసి, గుడి పనులు చూసే ఉపదేశిగారికి ఇచ్చాను. ఆయన చదివి, నా వైపు చూసి, కట్టలో పెట్టుకున్నారు.

కొత్త సంవత్సరం పూజ ఎల్లుండి పొద్దున ఏడు గంటలకు. టైము అమ్మకు చెప్పాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. పొయ్యి మీద అన్నం చూడమంది.