పాస్టరమ్మ గారి యాంప్

అద్దంకి దగ్గర మా చర్చిలో గిటారు వాయించేది పాస్టరమ్మ గారే. గిటారు శబ్దం పెంచే యాంప్, పాత రేడియోల్లోలా గాజు వాల్వులున్నది, ఆన్ చేసి, దాని మీద అరచెయ్యి ఆనించి, వేడి తగిలేదాకా పాట మొదలుపెట్టేవారు కాదు.

ఒక ఈస్టర్ ఉదయం, ఆరాధనకు కాస్త ముందు, యాంప్ వేడెక్కినా దాని గరగర ఆగలేదు. నేను ప్లగ్ తీసేసి, చల్లారాక వాల్వులు ఊడదీశాను. సాకెట్ల నిండా ఎర్రటి దుమ్ము. వానకు భయపడి ఒక రైతు తన మిరపకాయల బస్తాలను యాంప్ ఉండే గదిలోనే పెట్టాడు. స్పిరిట్‌తో తుడుస్తూ తుమ్ముతూనే ఉన్నాను.

"మనకే ఇంత ఘాటెక్కితే, పాపం దానికెక్కదా?" అన్నారావిడ.

వాల్వులు మళ్లీ బిగించాక తీగ శుభ్రంగా మోగింది.

"తప్పయిందమ్మా," అన్నాడు రైతు.

"వచ్చే ఏడూ తెచ్చుకో అన్నయ్యా. కాకపోతే వాటికి బాప్తిస్మం ఇచ్చాకే లోపల పెట్టనిస్తా."

బస్తాలు తడుస్తాయని భయపడి తెచ్చినాయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.